నవ్వు రాలేదని ఎవరితో చెప్పుకోను?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు పెళ్లయి పదకొండు నెలలైంది. మా నాన్నగారి ఉద్యోగరీత్యా నేను పుట్టి పెరిగింది, చదువుకున్నది నాగపూర్‌లో. ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా, పాత తెలుగు సినిమాలు చూసే అలవాటు మాకు లేదు. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో అత్తవారింట్లో ఉంటున్నాను. ఈ ఇంట్లో అందరికీ ‘గుండమ్మ కథ’ కంఠోపాఠం. కూర మాడినా, కరెంటు పోయినా, చుట్టాలు చెప్పకుండా వచ్చినా అందులోంచి ఒక మాట పడవలసిందే. పెళ్లిచూపుల రోజునే మా మామయ్యగారు “గుండమ్మ కథ చూశావా అమ్మా?” అని అడిగారు. చూడలేదని నేనంటే, “అయితే నీ అంత అదృష్టవంతులు లేరు, మొదటిసారి చూసే భాగ్యం నీకింకా మిగిలే ఉంది” అన్నారు.

ఆ భాగ్యం మొన్న సంక్రాంతి సెలవుల్లో పట్టింది. బావగారి కుటుంబం, మా ఆడపడుచు కుటుంబం వచ్చి ఉన్నారు. అందరం కలిసి పన్నెండు మందిమి టీవీ ముందు చేరాము. అత్తయ్యగారు చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నారు. హాస్యపు మాట వచ్చే ముందు ఆవిడ చేతిలోని కాయ ఆగిపోయేది, పెదవులు ఆ మాటను ముందే అనేసేవి, వెంటనే హాలంతా గొల్లుమనేది. కాయ ఆగిందంటే నవ్వు రాబోతోందని పావుగంటలోనే నాకు తెలిసిపోయింది గాని, నాకు మాత్రం ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. సినిమా నత్తనడక నడిచినట్టు అనిపించింది. గుండమ్మ కూతురు సరోజను తోటలో పనికి పెట్టి దారికి తెచ్చే భాగం చూస్తే నవ్వు రాకపోగా చిరాకు వేసింది. అయిపోయాక అత్తయ్యగారు “ఎలా ఉందమ్మా?” అంటే “చాలా బాగుందండీ” అన్నాను. మా ఆడపడుచు ఊరుకోకుండా, “వదిన ఒక్కసారి కూడా నవ్వలేదమ్మా, నేను చూస్తూనే ఉన్నాను” అంది. అందరూ నవ్వేశారు. రాత్రి మావారు, “నీకు హాస్యం ఎక్కదులే” అన్నారు. సరదాకే అన్నారు గాని ఆ మాట గుచ్చుకుంది. నిజంగా లోపం నాలోనే ఉందా? లేక ఆ సినిమానే అందరూ మరీ ఎక్కువ చేసి చెబుతున్నారా? అత్తయ్యగారికి నిజం చెప్పెయ్యమంటారా?

– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీలో లోపమేమీ లేదు. ఆ సినిమాలో లోపాలు ఉన్నాయి గాని, మీకు నవ్వు రాకపోవడానికి ముఖ్యమైన కారణం అవి కావని నా నమ్మకం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పింది మీ అత్తయ్యగారి చేతిలోని చిక్కుడుకాయ.

వచ్చే మాట ఏమిటో తెలియనప్పుడు, అది ఉన్నట్టుండి మీద పడితే మనిషికి నవ్వు పుడుతుంది. మీకు ఆ మాటలన్నీ పెళ్లిచూపుల నాటి నుంచి మామయ్యగారి నోట, బావగారి నోట, కూర మాడినప్పుడొకసారి, కరెంటు పోయినప్పుడొకసారి వినబడుతూనే ఉన్నాయి. తీరా అసలు మనిషి, గుండమ్మ వేసిన సూర్యకాంతం నోట వినేసరికి అవి నాలుగోసారి కాచిన పాలైపోయాయి. అది చాలనట్టు, ప్రతి మాటకూ ముందు చిక్కుడుకాయ ఆగి, ఇదిగో వస్తోందని దండోరా వేసింది. ఆ స్థితిలో మీ ఆడపడుచును కూర్చోబెట్టినా నవ్వు రాదు. ఇక మీ అత్తయ్యగారి సంగతి వేరు. ఆవిడకు తర్వాతి మాట తెలిసినకొద్దీ నవ్వు ఎక్కువవుతుంది, ఎందుకంటే ఆవిడ నవ్వులో ఆ సినిమాను మొదటిసారి చూసిన రోజు, ఆ రోజు పక్కన కూర్చున్న మనుషులు, వాళ్లలో ఇప్పుడు లేనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లెవరూ మీకు తెలియరు కదా.

నేను ఈ సినిమాను మొదటిసారి చూసింది 1970లలో, అది మళ్లీ ఆడినప్పుడు, మన గాంధీనగర్‌లోని ఒక హాల్లో. అడుగుకొక హాలు, మేడమెట్టుకొక ఫిల్ము పంపిణీ ఆఫీసు ఉన్న గాంధీనగర్ గురించి మీ మామయ్యగారిని అడగండి, ఒక పూటంతా చెబుతారు. నాకప్పటికి పదేళ్లు నిండలేదు గనుక మా అమ్మ వెంట ఆడవాళ్ల వైపు బెంచీలో కూర్చున్నాను. మా ముందు వరుసలో ఒక అత్తగారు, ఆవిడ పక్కన కొత్తకోడలు ఉన్నారు. తెర మీద సూర్యకాంతం చెయ్యి తిప్పుతూ సవతి కూతురి మీద విరుచుకుపడుతోంది. హాలంతా నవ్వుతోంది. ఆ కోడలు నవ్వలేదు. తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి అత్తగారి వంక చూసింది. అత్తగారు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతోంది. అది చూశాక కోడలు నవ్వడం మొదలుపెట్టింది. ఇక ఆపలేదు, అత్తగారి నవ్వు అయిపోయిన తర్వాత కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. మా అమ్మ నా చెవిలో, “ఆ పిల్ల సినిమా చూడట్లేదురా, వాళ్ల అత్తగారిని చూస్తోంది” అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ల తర్వాత ‘గుండమ్మ కథ’ మీద నేను చదివిన ఏ వ్యాసమూ ఆ ఒక్క మాటకు సాటి రాలేదు.

మీరు సినిమా నెమ్మదిగా నడిచిందన్నారు. అందులో కొంత నిజం, కొంత టీవీ చేసిన మాయ. వెనకటి హాస్యచిత్రాలు వెయ్యిమంది కూర్చునే హాలును దృష్టిలో పెట్టుకుని తీసినవి. హాలంతా ఒక్కసారి నవ్వితే తర్వాతి మాట వినబడదని తెలిసినవాళ్లు గనుక, తీసేటప్పుడూ, ఎడిటింగులోనూ మాటకు మాటకు మధ్య నవ్వు కోసం కాస్త జాగా విడిచిపెట్టేవారు. ఒక మాట అనగానే నటుడు కండువా సర్దుకోవడం, ఎదుటి పాత్ర ముఖం తిప్పుకుని నిలబడటం, పనివాడు రెండడుగులు వేసి ఆగడం ఆ జాగా నింపడానికే. నేల నుంచి బాల్కనీ దాకా జనం నవ్వినప్పుడు ఆ నిలబడటం కనిపించను కూడా కనిపించదు. అదే సినిమాను ఇంట్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక పక్క పిల్లలు జంతికలు నములుతుంటే చూసినప్పుడు, నవ్వని మనిషికి ఆ జాగాలన్నీ ఖాళీగా మిగిలిపోయి, నటులు తర్వాతి మాట మరిచిపోయి నిలబడినట్టు తోస్తుంది. మీ ఇంట్లో మిగతా పదకొండు మందీ ఆ ఖాళీలను తమ నవ్వుతో నింపుకున్నారు. మీరొక్కరే వాటిని ఖాళీగా చూశారు.

ఇక ఆ కథ సంగతి. ఈ చిత్రం 1962 జూన్ 7న విడుదలైంది. దీనికి మూలం 1958లో బి. విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం. అవును, తర్వాతి రోజుల్లో తెలుగు తెర మీద దయ్యాలనూ భేతాళులనూ ఆడించిన ఆ విఠలాచార్యే. గుండమ్మ అనేది కన్నడం వారికి ఇంటింటా వినబడే పేరు, మనకు కొత్త. విజయా వారు, అంటే నాగిరెడ్డి, తెనాలివాడైన చక్రపాణి, ఆ పేరును అలాగే ఉంచేశారు. ఎన్టీఆర్‌కు నూరో చిత్రంగా చెప్పుకునే సినిమాలో, పక్కన ఏఎన్నార్, ఎస్వీ రంగారావు, సావిత్రి, జమున ఉండగా, పేరు మాత్రం గయ్యాళి పాత్ర వేసిన సూర్యకాంతానిది. ఈనాటికీ అంత ధైర్యం చేసే నిర్మాత ఒకరిద్దరైనా ఉంటారా అని నా సందేహం. ఆ రోజుల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికొక గుండమ్మ ఉండేది. సూర్యకాంతం ధాటికి ఆడపిల్లలకు ఆవిడ పేరు పెట్టుకోవడమే మానేశారని పెద్దలు ఛలోక్తిగా అనేవారు. ఇంట్లో నోరెత్తలేనివాళ్లు హాల్లో నోరారా నవ్వుకున్నారు. నాగపూర్‌లో అమ్మానాన్నల మధ్య పెరిగి, వచ్చిన ఇంట్లోనూ (మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే) మంచి అత్తగారే దొరికిన మీకు అలా అణిచిపెట్టుకున్న నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

మరొక చిక్కు ఉంది. గుండమ్మ అంటే గయ్యాళి అని పదిమంది చెప్పగా విని చూసినవారికి ఆశాభంగం తప్పదు, ఎందుకంటే ఆవిడలో గయ్యాళితనం కన్నా అమాయకత్వం పాలు ఎక్కువ. రమణారెడ్డి వేసిన గంటయ్య ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది. కొత్త పనివాడు అంజి, అంటే ఎన్టీఆర్, అసలు ఎవరో తెలియక ఇంట్లో పెట్టుకుంటుంది. చివరికి తనకన్నా నాలుగాకులు ఎక్కువ చదివిన దుర్గమ్మ, అంటే ఛాయాదేవి, ఇంట్లో చేరి తననే గదిలో పెట్టి తాళం వేసేదాకా తెచ్చుకుంటుంది. ఈసారి వీలైతే ఆ ఘట్టంలో సూర్యకాంతం ముఖం ఒక్కటే చూడండి. అరిచే నోరు మూతపడ్డాక ఆ కళ్లలో కనిపించే బెదురు కోసం నేను ఈ సినిమాను ఎన్నిసార్లయినా చూస్తాను. అది నవ్వించే నటన కాదన్న మాట ఒప్పుకుంటాను.

సరోజ విషయంలో మీకు కలిగిన చిరాకు మాత్రం నాకు పూర్తిగా సబబనిపిస్తోంది. ఇది చెప్పినందుకు నాకు కోపపు ఉత్తరాలు వస్తాయని తెలుసు. గారాబంగా పెరిగిన పిల్లను పెళ్లి చేసుకుని, తాను ఎవరో దాచిపెట్టి, పేదకాపురం పెట్టించి, తోటపని చేయించి పొగరు దించడం ఈ కథలో రెండో జంట వృత్తాంతం. షేక్స్‌పియర్ ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ నాటకపు ఛాయ ఇందులో ఉందని చాలామంది అన్నారు. ఆ నాటకంలో మొగుడు పెళ్లాన్ని అన్నానికీ నిద్రకూ ముఖం వాచేలా చేసి లొంగదీస్తాడు. మనవాళ్లు ఆ ఘాటు బాగా తగ్గించి, మధ్యలో పింగళి నాగేంద్రరావు పాటలు, ఘంటసాల సంగీతం పెట్టారు గనుక సరిపోయింది. అయినా ఒక విచిత్రం నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. ఇదే సినిమాలో అంజి నిక్కరు వేసుకుని, రోటి ముందు కూర్చుని పిండి రుబ్బుతూ, మహిళాలోకం నిద్రలేచిందని పాడతాడు. పాట పాడిన సినిమాయే తర్వాత ఒక ఆడపిల్ల తలెత్తి మాట్లాడినందుకు బుద్ధి చెప్పడం ఎంత న్యాయమని ఆనాడు ఎవరైనా అడిగారో లేదో గాని, మీరు అడిగారు. ఆ భాగాన్ని ఇప్పటికీ నిలబెడుతున్నది సరోజ వేసిన జమున. ఆ అమ్మాయి లొంగిపోయినట్టు కాక, మొగుణ్ని ఇష్టపడి సర్దుకున్నట్టు ఆవిడ నటించింది. రాసినవారు ఇవ్వని గౌరవాన్ని నటి ఇచ్చింది.

అత్తయ్యగారికి నిజం చెప్పాలా అన్నారు. “చాలా బాగుందండీ” అన్న మాట పెద్దవారింట్లో మర్యాదకు అన్నది. దానికి పశ్చాత్తాపపడి, ఒకనాడు భోజనాల దగ్గర కూర్చోబెట్టి ఒప్పుకోలు చేయవలసినంత నేరం కాదు. మళ్లీ ఆ సినిమా పెట్టినప్పుడు బలవంతాన మాత్రం నవ్వకండి. మీ ఆడపడుచు వంటివారు ఇట్టే పట్టేస్తారు. దానికి బదులు ఒక సాయంత్రం వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు, “అత్తయ్యగారూ, మీరు గుండమ్మ కథ మొదట ఎక్కడ చూశారండీ? ఎవరితో వెళ్లారు?” అని అడగండి. ఆవిడ హాలు పేరుతో మొదలుపెట్టి, కట్టుకున్న చీర, రిక్షాకు ఇచ్చిన డబ్బులు, ఇంటికొచ్చాక తిన్న చీవాట్లు అన్నీ చెబుతారు. మీకు నవ్వు వస్తే అక్కడ వస్తుంది. మాట మధ్యలో ఆవిడే “నీకు నచ్చలేదు కదూ?” అంటే అప్పుడు నిజమే చెప్పండి, సరోజ ముక్క కూడా చెప్పండి. అరవై ఏళ్లుగా అదే సినిమా చూస్తున్న ఆడమనిషికి ఆ ఆలోచన ఎన్నడూ రాలేదని నేననుకోను.

మీవారితో చేయవలసిన పని ఇంకా తేలిక. నాగపూర్‌లో మీరు, మీ స్నేహితురాళ్లు పొట్ట పట్టుకుని నవ్విన సినిమా ఏదో ఒకటి ఉంటుంది కదా, ఆదివారం ఆయన్ని కూర్చోబెట్టి అది చూపించండి. ప్రతి హాస్యపు మాటకూ ముందు మీరూ చెయ్యి ఆపి ఆయన ముఖంలోకి చూడండి. హాస్యం ఎవరికి ఎక్కదో తేలిపోతుంది.

ప్రశ్న: నా వయసు అరవై తొమ్మిది. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మొన్న పండక్కి మనవళ్లు బలవంతం చేస్తే, ఊరంతా మెచ్చుకుంటున్న కుటుంబ హాస్యచిత్రానికి వెళ్లాను. హాలు దద్దరిల్లిపోతోంది. నాకు మాత్రం అరుపులు, చెంపదెబ్బలు, ఒకరి ఒడ్డూ పొడుగూ మీద ఇంకొకరి వెక్కిరింతలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంటర్వెల్‌కే బయటికి వచ్చి, మనవళ్లు వచ్చేదాకా పార్కింగు దగ్గర అరుగు మీద కూర్చున్నాను. జంధ్యాలగారి సినిమాలు చూసి నవ్విన జనమేనా వీళ్లు? మన అభిరుచి ఇంతగా పడిపోయిందా?

– విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జవాబు: మీ మాటలో సగానికి నేను సాక్షి సంతకం పెడతాను. ఇప్పటి సినిమాల్లో ప్రతి చమత్కారం చివరా సంగీతం ఒక దెబ్బ కొట్టి, ఇక్కడ నవ్వండని ఆజ్ఞాపిస్తుంది. పై ఉత్తరంలోని చిక్కుడుకాయ చేసిన పనే ఇది. కాకపోతే చిక్కుడుకాయ చప్పుడు చేయలేదు. ఆ మోతలో మాట వినబడదు, వినబడని మాటకు మన వయసువాళ్లకు నవ్వు రాదు. హాల్లో శబ్దం తగ్గించమని అడిగే హక్కు మనకుంది, అడిగినా తగ్గించరన్నది వేరే సంగతి.

మిగిలిన సగం దగ్గర మీతో కాస్త పేచీ ఉంది. జంధ్యాల పేరెత్తారు గనుక ఆయన దగ్గరికే వెళదాం. ఆయన చదువుకున్నది మన విజయవాడలోనే, ఎస్సారార్ కాలేజీలో. ఆయన తీర్చిదిద్దిన నటుల్లో వీరభద్రరావు విజయవాడ రేడియో స్టేషన్లో పనిచేసినవాడు. 1982లో ‘నాలుగు స్తంభాలాట’తో వీరభద్రరావుకూ, తోటి నటుడు వేలుకూ ‘సుత్తి’ అనే ఇంటిపేరు అంటుకుంది. మీరూ నేనూ నెత్తిన పెట్టుకున్న ‘అహ నా పెళ్లంట’ 1987 నాటిది. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారిగా మన కంకిపాడు కోట శ్రీనివాసరావును ఎవరు మరిచిపోతారు? మరి ఆ పిసినారి కింద పనిచేసిన సత్తెనపల్లి వైపు బ్రహ్మానందానికి అందులో ఉన్న పేరేమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అరగుండు. మనిషి అవతారాన్ని వెక్కిరిస్తూ పెట్టిన పేరు. సినిమా పొడుగునా యజమాని చేత తిట్లు తినడమే అతని ఉద్యోగం. మనం పడిపడి నవ్వాము. తిట్టడంలో జంధ్యాలకు ఉన్న భాష, ఆ మాటల విరుపు ఇప్పటివారికి లేవని మీరంటే ఒప్పుకుంటాను. వెక్కిరింత మాత్రం నిన్నమొన్న పుట్టిందంటే ఒప్పుకోలేను.

అభిరుచి పడిపోయిందా లేదా అన్నది సగం సినిమా చూసి తేల్చే విషయం కాదు. మీరు అరుగు మీద కూర్చున్న గంటంపావులో లోపల ఏం జరిగిందో మీకు తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు మీ మనవళ్లు ఆటోలో ఏ మాట పదేపదే అనుకుని నవ్వుకున్నారో చెవిన పడిందా? పడకపోతే అడగండి. నచ్చకపోతే నచ్చలేదని వాళ్లతోనే అనండి, ఎందుకు నచ్చలేదో చెప్పండి. వాళ్లు ఎదురు వాదిస్తే మీకు సినిమా కన్నా ఆ వాదనే బాగుంటుందని నా అనుమానం.

ప్రశ్న: అందరూ “నవ్వలేక చచ్చాం” అంటే నమ్మి కుటుంబమంతా వెళుతున్నాం. ప్రతిసారీ ఉసూరుమంటూ తిరిగి వస్తున్నాం. వెళ్లే ముందు ఏమైనా జాగ్రత్త తీసుకోవచ్చా?

– గృహిణి, తెనాలి

జవాబు: ట్రైలర్ చూడకండి. సినిమాలో ఉన్న నాలుగు మంచి చమత్కారాలనూ ముందే అందులో పెట్టేస్తున్నారు; హాల్లో మీకు మిగిలేది వాటి మధ్య దూరం. రెండోది, విడుదలైన తొలి మూడు రోజులు ఫోన్‌లో వచ్చే క్లిప్పులు పిల్లల చేత కూడా చూడనివ్వకండి. ఈ రెండోది మీ వల్ల అవుతుందని నాకు నమ్మకం లేదు.

ప్రశ్న: ఎన్నో ఏళ్లుగా ఈ శీర్షిక చదువుతున్నాను. అందరి సందేహాలకూ సమాధానం చెప్పే మీరు ఒక్కసారి తప్పించుకోకుండా చెప్పండి. లోకమంతా మెచ్చిన కుటుంబ హాస్యచిత్రాల్లో మీకు విసుగు పుట్టించినది ఏది?

– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: సినిమా పేరు పైనే ఉంది. ‘గుండమ్మ కథ’లో రాజనాల వేసిన భూపతి వచ్చే సన్నివేశాలు నాకు మొదటి నుంచీ అతుకులుగానే కనిపించాయి. రాజనాల తప్పేమీ లేదు, ఆయనకు ఇచ్చిన పని ఆయన చేశాడు. హాయిగా సాగుతున్న ఇంటి కథలోకి, సినిమా అన్నాక ఒక విలన్ ఉండాలి కాబట్టి తెచ్చిపెట్టినట్టు ఉంటుంది నాకు. మా ఇంట్లో ఈ సినిమా ఏడాదికి ఒకసారైనా ఆడుతుంది. భూపతి కనిపించగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లి, ఫిల్టర్ కాఫీ కలిపి, రెండు గ్లాసులతో తిరిగి వస్తాను. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస. సినిమా మధ్యలో ఆవిడ కోసం లేచి కాఫీ కలుపుకొస్తానని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోతుంది. ఆవిడ ఈ శీర్షిక ప్రతి వారం చదువుతుంది.